మూట దింపుడు

ఫోన్‌లో జట్టుగా ఆడే ఆ కోటల ఆట ఊసెత్తితే చాలు, కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఆయనకు పూనకం వస్తుంది. పదకొండేళ్లుగా ఆడుతున్నాడు. కోట ఎలా పట్టాలో, వంతెన దగ్గర ఎవరు కాపు కాయాలో టీ తాగే పది నిమిషాల్లో బల్ల మీద గీసి చూపిస్తాడు. అయితే నేనూ నేర్చుకుంటానని ఎవరైనా అన్నారా, నోటికి తాళం పడుతుంది. "వద్దులెండి, అక్కడి జనం మంచోళ్లు కారు," అంటాడు. వినేవాళ్లు ఆయన్ని ఆ జనంలో కలపరు. ఆయనా కలుపుకోడు.

ఐదుగురు ఒక జట్టు. కొత్తవాళ్లు వచ్చి పడితే వాళ్లకు పెట్టే పేరు మూట. మోయాలి కదా మరి! మూట మరీ బరువైతే దింపుడు ఓటు పెడతారు. ముగ్గురు సరేనంటే ఆ మనిషి ఆటలోంచి అవుట్. ఈ మాట పుట్టించినవాడు ఎవడో గానీ, నలుగురికీ అలవాటు చేసినవాళ్లలో ఈయనొకడు. షాపులో చూపు ఆనని ముసలివాళ్లతో మాత్రం "తొందరేం లేదు, నిదానంగా చదవండి" అంటాడు. అది జీతానికి వచ్చే ఓపిక.

రెండేళ్ల కిందట కాలు విరిగి అక్క ఆయనింటికి వచ్చింది. వెనక గదిలో మంచం వేశారు. చిన్నప్పుడు ఎక్కాలు పదిసార్లు తప్పినా పదకొండోసారి విసుక్కోకుండా చెప్పిన మనిషి. పెళ్లిళ్లయ్యాక ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే మిగిలాయి.

"ఒరేయ్, నీతో మాట్లాడదామంటే నువ్వెప్పుడూ ఆ ఆటలోనే ఉంటావు. నన్నూ అందులోకి రానీరా," అంది.

ఆయనకు నిజంగానే సంతోషం వేసింది. ఆవిడ ఫోన్‌లో ఆట పెట్టాడు. పేరేం పెట్టమంటావంటే "చిన్నోడి అక్క" అంది. ఇంట్లో ఆయన చిన్నోడు. ఆటలో ఉక్కుపిడుగు.

వారం రోజులు ఇద్దరూ సాధన చేసుకున్నంతసేపు బాగానే సాగింది. ఆదివారం మధ్యాహ్నం పాత జట్టువాళ్లు ముగ్గురు ఎవరిళ్ల నుంచి వాళ్లు మైకుల్లో మాట్లాడుకుంటూ ఆటలో కలిశారు. ఓడితే ఉక్కుపిడుగు మూడు నెలలు కష్టపడి ఎక్కిన మెట్టు దిగిపోతాడు. అక్క మూయాల్సిన తలుపు తెరిచి శత్రువులను లోపలికి రానిచ్చింది. వంతెన మీద దారి తప్పింది.

"ఈ మూటనెవడు ఎత్తుకొచ్చాడ్రా?" అన్నాడొకడు.

"కొత్తదాన్ని నాయనా, కాస్త చెప్పండి, చేస్తాను," అంది అక్క. ముగ్గురూ పగలబడి నవ్వారు. "చిన్నోడా, ఎటు పోవాలిరా?" అంది.

"ఎవడ్రా ఆ చిన్నోడు?"

ముందుగదిలో ఉక్కుపిడుగు మైకు ఆపేసుకుని కూర్చున్నాడు. ఆవిడ మా అక్క అన్న ఒక్క ముక్క చాలు, అందరి నోళ్లూ మూతపడేవి. ఆ ముక్క అనడానికి నామోషీ అయింది పెద్దమనిషికి.

చిన్నోడి అక్కను దింపాలా, అని తెర అడిగింది. ఇద్దరు అవునన్నారు. మూడోవాడు నాన్చుతున్నాడు. ఉక్కుపిడుగే నొక్కేశాడు. ఎవరు ఓటేశారో బయటపడదని ఆయన ధీమా. ఆడిన అన్నేళ్లలో ఆయన్ని ఎవరూ దింపలేదు. దిగినవాళ్ల తెర మీద ఏం కనిపిస్తుందో ఆయనకేం తెలుసు!

నలుగురే ఆడి గెలిచారు. చంకకర్రలు టకటకలాడించుకుంటూ అక్క ముందుగదిలోకి వచ్చి ఫోన్ చూపించింది. దింపినవారు అంటూ మూడు పేర్లున్నాయి. మూడోది ఉక్కుపిడుగు.

"వేలు జారిందేమో కదరా?" అంది. ఆ అబద్ధం కూడా ఆవిడే అందించాల్సి వచ్చింది.

"అవునక్కా, జారింది," అన్నాడు.

అక్క గుమ్మానికి ఆనుకుని చంకకర్రలు సర్దుకుంది.

"ఇందాక ఆట మొదట్లో నేనూ పొరపాటున నీ పేరు పక్కనున్న దింపుడు మీద నొక్కానురా," అంది. "ఖాయమేనా అని అది ఇంకోసారి అడుగుతుంది. నేను వద్దన్నాను."