మా బావ వదిలేసిన వెల్డింగ్

మల్కాపురంలో మా వరహాలు బావ వేసిన అతుక్కి వంక పెట్టినవాడు లేడు. అలాంటి మనిషి వెల్డింగ్ మానేసి, సబ్బవరం దగ్గర ఓ కొత్త కాలనీకి వాచ్‌మన్‌గా పోయాడు. నాకు ఒళ్ళు మండి అప్పట్లో అరిచాను కూడా. వింటేనా!

కారణం ఆయన కొడుకు ఉదయ్. ఐదేళ్ళ వయసులో వాడు బొమ్మల్లో ఆకులకి గోధుమరంగు పూసేవాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదని బళ్ళో టీచరమ్మ చెప్పింది.

“రోజూ ఆ మంట సూసి నా కళ్ళు పాడయ్యాయిరా. అదే పిల్లడికి సుట్టుకుంది. ఇంకో బిడ్డకి రాకూడదు,” అంటూ బావ పని వదిలేశాడు. తర్వాత హిమబిందు పుట్టింది. అది రంగులన్నీ టకటకా చెప్పేది. “సూసావా? మానేసినాకే కదా పుట్టింది!” అనేవాడు.

మొన్న పోర్టులో క్రేన్ ఉద్యోగానికి వెళ్తే, రంగు చుక్కల అట్టలు చూపించి ఉదయ్‌ని వెనక్కి పంపేశారు. వాణ్ణి తీసుకుని అక్క, బావ, నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

“తప్పు నాదేనమ్మా. నాను వెల్డర్ని,” అన్నాడు బావ చేతులు కట్టుకుని.

“ఎవరు చెప్పారండీ? మంటకి చెడితే మీ కళ్ళే చెడతాయి, బిడ్డకి రాదు,” అందావిడ. “ఇది ఎక్స్ క్రోమోజోములో ఉండే లోపం. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. తండ్రి ఇచ్చేది వై. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు కాబట్టి, ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. అమ్మా, మీ నాన్నగారికి రంగులు తెలిసేవా?” అని అక్కని అడిగింది.

మా నాన్న! టమాటా తోటలో పచ్చివీ పండినవీ కలిపి కోసుకొచ్చేవాడు. అమ్మ తిట్టుకుంటూ ఏరేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఓరి నాయనో, అదా సంగతి!

నాన్న నుంచి తనకొచ్చిందే కొడుక్కి పోయిందని మా అక్క పైడితల్లికి అర్థమైపోయింది. “నా వల్లేటి? నా కొడుక్కి నానే ఇచ్చానా?” అని నెత్తి బాదుకోవడం మొదలుపెట్టింది. ఉదయ్ బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు.

బావ వైపు చూడాలంటే భయమేసింది. ప్రాణంలా చూసుకున్న పని ఊరికే పోయింది కదా! అక్కని ఎంత మాటన్నా నేను అడ్డు చెప్పలేను.

ఆయన అక్క చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఊరుకోవే. తెలిసి ఇచ్చావేటి? తప్పు నాదనుకుని బతకడం ఎలాగుంటాదో నాకు తెలుసు. నీకొద్దు అది.”