హీరోకు లేని అక్క

ఈ రోజు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ, ఈ అరబ్బు దేశంలో, మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంటి పిల్లలతో కలిసి ఒక సూపర్‌హీరో సినిమా చూశాను. తమ్ముడు చనిపోయాడన్న కోపంతో హీరో తాను కాపాడిన ఊరినే తగలబెట్టి విలన్ అయిపోయాడు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం చెత్త పడేయడానికి వెళ్లినప్పుడు, పక్క విల్లాలో వంట చేసే రాయచోటి మస్తాన్‌బీ అక్కకు ఈ కథ చెప్పాను. ఇళ్లలో పనిచేసే మాకు నాలుగు మాటలు చెప్పుకునే చోటు ఆ చెత్తడబ్బా పక్కనే.

"ఒక్క చావుకే అంత మంచోడు అట్లయిపోతాడా అక్కా?" అన్నాను.

"మీ నాయన పోయినప్పుడు మామా ఊరికి పంపలేదని, ఆ ఇంట్లో అద్దాలన్నీ పగలగొడతానని ఈడనే కదా అంటివి. మర్చిపోతివా?" అంది అక్క. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం.

మర్చిపోలేదు. ఆ రోజు నా ఏడుపు అయ్యేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. లోపల పొయ్యి మీద ఆమె కూర మాడిపోయింది. నా కోసం వాళ్ల మామాతో తిట్లు తింది.

ఆ హీరోకూ చెత్తడబ్బా దగ్గర ఒక మస్తాన్‌బీ అక్క ఉండి ఉంటే, ఊరు తగలబడకుండానే సినిమా ఇంటర్వెల్‌కే ఖలాస్.

మీ కోసం కూర మాడబెట్టుకున్నవాళ్లు ఎవరు?