చలికాలపు బొచ్చు కింద

ఆంటీ పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసేటప్పటికి నేను దొడ్లో ఆవులకు దాణా పోస్తున్నాను. "అన్నయ్యా, అమ్మ ఇక లేదు. మార్నింగ్ హాస్పిటల్‌లో, నిద్రలోనే..." అంది. "వస్తున్నానమ్మా" అన్నాను. బకెట్‌లో మిగిలింది పోసే బయలుదేరాను. సగంలో వదిలేసి వెళితే ఆవిడే తిట్టేవారు.

ఆవిడది మా పక్క పొలం. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే షాంటిలీ ఊరికి పడమరగా కారులో గంటన్నర దూరం. భర్త పోయాక కూడా చాలా ఏళ్లు మాంసపు జాతి ఆవుల మందను ఒక్కరే నడిపారు. పుట్టు శాకాహారి. మనవాళ్ల భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడగనే అడిగేవారు, "బీఫ్ ఆవుల్ని ఎలా పెంచుతారండీ మీరు?" అని. "నా గేటు లోపల ఉన్నన్నాళ్లూ దేనికీ ఆకలి తెలియకూడదు. అంతవరకే నా పూచీ" అనేవారు. ఆ జవాబు సరిపోతుందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ మాత్రం ఆ మాటకు ఒక్కరోజూ ఎగనామం పెట్టలేదు.

నేను గిడ్డంగిలో పని మానేసి, పుస్తకాలు చదివి, వీడియోలు చూసి ఈ పనిలోకి దిగినవాణ్ణి. రోజూ ఏం చేశానో నోటుబుక్కులో రాసుకుంటాను. పోయిన నవంబరులో ఆవిడ మా గేటు మీద మోచేతులు ఆనించి, చూడి ఆవుల్ని చూస్తూ అడిగారు.

"ఏవయ్యా, ఆ ఇరవయ్యేడో నంబరుది ఎంతంటావ్?"

ఆవు ఒంటికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. ఒకటంటే ఎముకల గూడు. ఈనేనాటికి ఐదో ఆరో ఉండాలి.

"ఐదు ఆంటీ. చూస్తే తెలుస్తోందిగా."

"నువ్వు స్వెట్టర్‌కి మార్కులేశావ్. లోపలున్నదానికెయ్యి."

ఆవును కటకటాల్లో నిలబెట్టించి, చలికాలపు బొచ్చులోకి నా వేళ్లు దూర్పించారు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కకు దొరికాయి. నాలుగు కూడా కష్టమే.

నాకు రోషం వచ్చింది. నోటుబుక్కు తెచ్చి చూపించాను. ఏ రోజు ఎన్ని గడ్డి కట్టలు వేశానో, ఒక్క రోజూ పోకుండా రాసి ఉంది. కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలు చదివారు.

"బాగా రాశావ్. ఇది నువ్వు పెట్టిన లెక్క. ఎవరు తిన్నారో ఏదీ?"

ఆ మధ్యాహ్నం మడత కుర్చీ వేసుకుని, పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని, నన్ను పక్కన నిలబెట్టారు. గడ్డి దగ్గర నాలుగు పెద్దావులు ఎవరినీ రానివ్వడం లేదు. ఇరవయ్యేడు రెండుసార్లు దగ్గరకొచ్చింది. ఒక్క పొడుపుకే పక్కకు తప్పుకుని, తల వేలాడేసి నిలబడింది. నేను వేసిన కట్టలన్నీ నిజమే. అది ఆకలితో ఉన్నదీ నిజమే.

"దీన్ని అమ్మేస్తే నయమేమో ఆంటీ."

"కడుపులో దూడనేసుకుని బక్కచిక్కిందాన్ని అమ్ముతావా? కొన్నవాడు నీ తప్పుని కొనుక్కెళతాడు. మేపు. ఈనడానికింకా మూడు నెలలుంది."

మర్నాడే ఆరు బక్కావుల్ని వేరే దొడ్లోకి మార్చాం. గడ్డిని పరీక్షకు పంపితే ముదురు కోతదని, కడుపు నిండుతుందే తప్ప ఒంటికి పట్టదని తేలింది. మంచి గడ్డి వేసి, సోయా పొట్టు గుళికలు మొదలుపెట్టాం. మొదటి వారం కొంచెమే. "ఆకలి మీదున్నదానికి ఒక్కసారే పెడితే కడుపు చెడుద్ది. నిదానం" అనేవారు. గడ్డకట్టిన తొట్టెలో మంచు పగలగొట్టడం, ప్రతి శనివారం పక్కటెముకలు తడమడం. డిసెంబరంతా ఇరవయ్యేడు నాలుగు దగ్గరే ఆగిపోయింది. తిన్నదంతా చలికీ దూడకీ సరిపోతోంది. నాకు నమ్మకం సడలింది. ఆవిడ ఇంకో డబ్బాడు గుళికలు పెంచమన్నారు.

జనవరిలో ఆవిడే ఆసుపత్రి పాలయ్యారు. అక్కణ్ణించి ఫోన్ చేసేవారు. "ఇరవయ్యేడు తింటోందా?" అదే మొదటి మాట. నువ్వు తిన్నావా అని నన్ను ఏనాడూ అడగలేదు.

"మీకెలా ఉంది ఆంటీ?"

"నాకు ఇక్కడ నర్సులున్నారు. దానికి నువ్వే ఉన్నావ్. పెట్టెయ్ ఫోను."

పెట్టేశాను. థాంక్స్ చెప్పాలని రెండు మూడుసార్లు అనుకున్నాను. చెప్పలేదు.

అంత్యక్రియలైన నాలుగో రోజు పొద్దున దొడ్లోకి వెళ్లేసరికి ఇరవయ్యేడు ఈని ఉంది. నల్లటి పెయ్య, ఇంకా తడారలేదు. ముందుకాళ్ల మీద లేస్తోంది, పడుతోంది. సాయం చేద్దామని రెండడుగులు వేశాను. ఎవరు పొడిచినా పక్కకు తప్పుకునే ఆవు తల దించి, బుసకొట్టి, నేల అదిరేలా నా మీదికి వచ్చింది. కంచె ఎలా ఎక్కానో తెలియదు. ఇవతల బురదలో పడి లేచి, కమ్మీల్లోంచి చూశాను. పెయ్య నాలుగు కాళ్ల మీదా నిలబడి, పొదుగు వెతుక్కుని, జున్నుపాలు తాగుతోంది. దాని తోక ఆగకుండా ఊగుతోంది. తల్లి నా వైపే చూస్తూ నిలబడింది. దాని ముందుకాలి గిట్ట కింద నా టోపీ ఉంది. అది ఆ కాలు తీయలేదు.