అక్క పేరు మీద ఇల్లు

బహ్రెయిన్‌లో సూర్యావతి అనే మనిషి లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ దేశంలో నలుగురి ఇళ్ళల్లో గిన్నెలు తోమి, గచ్చులు కడిగి, పరాయి పిల్లల ముక్కులు తుడిచిన మనిషి పేరు సుబ్బాయమ్మ. పాస్‌పోర్టు మీద అదే పేరు, అక్కడి గుర్తింపు కార్డు, సీపీఆర్ మీద అదే, ఆసుపత్రి చీటీ మీదా అదే. కార్డు ప్రకారం ఆమెకు యాభై అయిదేళ్ళు. ఒంటి ప్రకారం నలభై నాలుగు. మోకాళ్ళు మాత్రం కార్డునే నమ్మాయి.

సుబ్బాయమ్మ ఆమె అక్క. రావులపాలెం అవతల కాలవగట్టు మీద రేకుల పాకలో ఉంటుంది. అప్పట్లో ముప్పై దాటని ఆడదాన్ని ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదని సర్కారు రూలు పెట్టింది. మంచికే పెట్టింది. మంచి గోడ కనబడితే కన్నం వెయ్యనివాడు ఏజెంటెలా అవుతాడు? మొగుడు పోయి ఆరు నెలలైన సూర్యావతిని ఎగాదిగా చూసి, "అక్క రేషను కార్డు తే, అక్క వయసు తే, ఫోటో మాత్రం నువ్వు దిగు. అక్కడ నీ పేరుతో ఎవడికి పని? నీ చేతులతోనే పని," అన్నాడు. సుబ్బాయమ్మ వేలిముద్ర వేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ అక్షరం ముక్క రాదు. రాదని ఒప్పుకోవడానికి నామోషీ. అందుకని కాగితంలో ఏముందని ఇద్దరూ అడగలేదు. అరువు సొమ్ము బరువు చేటని తెలిసినవాళ్ళే. పేరు కూడా సొమ్మేనని తట్టలేదు, అంతే.

సూర్యావతి ఎక్కడున్నా అంచునే బతికింది. పుట్టింది కాలవగట్టు మీద. వానాకాలం వస్తే నీళ్ళు గుమ్మంలో, ఎన్నికలు అయిపోతే గట్టు ఖాళీ చేయించేవాళ్ళ కొలతల టేపులు గుమ్మంలో. బహ్రెయిన్ వస్తే వంటగది వెనక బట్టల మిషను పక్కన మంచం. కాబట్టి ఆమెకు ఒక్కటే కోరిక. ఉంటే ఊరి నడిబొడ్డున ఉండాలి, తలుపు తీస్తే వీధిలో మనుషులు కనబడాలి.

అలాంటి ఇల్లు దొరికింది కూడా. రావులపాలెం అరటి మార్కెట్టు వెనక సందులో, రెండు గదులు, ముందు అరుగు, వెనక బోరింగు. కూరలకి పది అడుగులు, డాక్టరుకి ఇరవై, బస్సుకి వంద. పోయిన సెలవుకి వెళ్ళినప్పుడు ఆ అరుగు మీద కాసేపు కూర్చుంటే, అటుగా వెళ్తున్న ఆకుకూరలామె బుట్ట దించి, "ఏమ్మా, ఈ ఇల్లు మీదేనా?" అంది. సూర్యావతి కాదనలేదు. అవసరం లేకపోయినా రెండు కట్టలు తోటకూర కొంది.

ఇంటి ఆసామి రామ్‌ప్రసాద్, అరటి గెలల వ్యాపారి. మాట మంచిదే గానీ గడువు గట్టిది. నెలాఖరులోపు రిజిస్ట్రేషన్ అయితే సరే, లేకపోతే పక్క ఎరువుల కొట్టువాడు గోడౌనుకి అడుగుతున్నాడు, ఇచ్చేస్తానన్నాడు. సూర్యావతి కూర్చున్న అరుగు మీద యూరియా బస్తాలు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అన్నం దిగేది కాదు.

ఎగిరి వెళ్దామంటే రెక్కలు కట్టేసి ఉన్నాయి. ఆమె పనిచేసే ఇంటి హెన్నీ మేడమ్ వాళ్ళు నెదర్లాండ్స్ తిరిగి వెళ్ళిపోతున్నారు. సూర్యావతిని ముహర్రక్‌లో ఒక అరబ్బుల ఇంటికి మారుస్తున్నారు. కొత్త కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, పేరుమీద కాగితాలు మారేదాకా ఆమె దేశం దాటకూడదు, దాటితే వీసా ఖలాస్. మారడానికి రెండు నెలలు పడుతుందన్నారు. నెలాఖరుకి ఉన్నది మూడు వారాలు.

ఇంకా విడ్డూరం, హెన్నీ మేడమ్ కూడా అప్పుడే ఇల్లు కొంది. వాళ్ళ దేశంలో గురువారం గురువారం సంత జరిగే ఊళ్ళో, సరిగ్గా ఆ సంత మధ్యన. ఇక్కడ బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని పదకొండో అంతస్తులో, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, రాత్రి వండిన పులుసు వేడి చేసుకునేంత సేపట్లో సంతకాలు పెట్టేసింది. సంతకం అయ్యాక సూర్యావతిని పిలిచి ఫోటోలు చూపించింది.

"చూడు సుబ్బా. కిందే రొట్టెల దుకాణం. ఎదురుగా చర్చి. ముసలితనంలో కారు నడపక్కర్లేదు."

అగ్గిపెట్టెను నిలబెట్టినట్టు సన్నగా ఉంది ఆ ఇల్లు. మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. పై కిటికీ మీది దూలానికి ఇనప కొక్కెం వేలాడుతోంది.

"అదేంటి మేడమ్?"

"మెట్ల మీంచి సోఫా పట్టదు. తాడు కట్టి కిటికీలోంచి లాగుతారు."

అంత డబ్బు పోసి ఆవిడ సోఫాని దొంగలా కిటికీలోంచి తెచ్చుకుంటుంది, నేను తలుపున్న ఇల్లు కొనుక్కుని గుమ్మం తొక్కలేకపోతున్నాను అనుకుంది సూర్యావతి. "మేడమ్, నా పేరు..." అని మొదలెట్టింది. మేడమ్ మంచిది. కానీ ఆ మాట ఆవిడ చెవిన పడితే మొగుడి చెవిన పడుతుంది, మొగుడి చెవిన పడితే ఆఫీసులో పడుతుంది. "నా పేరుమీద కూడా ఇల్లు చూశాను మేడమ్" అని మింగేసింది. హెన్నీ మేడమ్ సంతోషంతో ఆమెను కావిలించుకుంది. మంచివాళ్ళతో అదే చిక్కు, చేయగలిగింది లేకపోయినా కావిలించుకుంటారు.

శుక్రవారం సెలవు. సల్మానియాలో ఉండే సత్యశ్రీ దగ్గరికి వెళ్ళింది. సత్యశ్రీది ఆసుపత్రిలో ఆఫీసు పని, విజయవాడ వైపు పిల్ల. సెలవురోజున తెలుగువాళ్ళకి ఫారాలు నింపిపెడుతుంది. కాఫీ తీసుకుంటుంది గానీ పైసా తీసుకోదు. ఇక్కడినుంచే ఎవరికైనా పవర్ రాసి ఇస్తే, వాళ్ళు అక్కడ తన తరఫున సంతకం పెట్టొచ్చని సూర్యావతి విని ఉంది.

"పవర్ ఎవరికిస్తారు?" అంది సత్యశ్రీ.

"మా అక్కకండి."

"అక్క పేరు?"

"సుబ్బాయమ్మండి."

సత్యశ్రీ కలం ఆగింది. చేతిలో ఉన్న పాస్‌పోర్టు జిరాక్సు చూసింది, మనిషిని చూసింది. "మరి మీరు?"

అప్పుడు చెప్పక తప్పలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ గడ్డ మీద మొదటిసారి సూర్యావతి తన పేరు తన నోటితో పలికింది. ఎవరి పేరో పలికినట్టుంది.

సత్యశ్రీ జిరాక్సు బల్ల మీద పెట్టి, కలానికి మూత పెట్టింది. కాఫీ చల్లారింది.

"మీ ఆధార్‌లో సూర్యావతి. ఇక్కడ ఎంబసీలో పవర్ మీద ముద్ర వేసేది పాస్‌పోర్టు చూసి. పాస్‌పోర్టు చూస్తే సుబ్బాయమ్మ. సూర్యావతి పేరుమీద పవర్ ఇవ్వడానికి ఇక్కడ సూర్యావతి లేదు కదండీ."

"ఇదిగో, మీ ఎదురుగా కూచున్నాను కదండీ."

"నాకు కనబడుతున్నారు. కాగితానికి కనబడరు."

"పోనీ సుబ్బాయమ్మ పేరుమీదే ఇచ్చేత్తానండి."

"దానికి పవర్ ఎందుకు? సుబ్బాయమ్మ అక్కడే ఉంది. నేరుగా వెళ్ళి సంతకం పెడుతుంది. ఇల్లు ఆవిడదవుతుంది." కాస్త ఆగి, "నిజం చెప్పి పేరు సరిచేయించుకునే దారి ఒకటుంది. అది నెలాఖరుకి తేలేది కాదు. తేలేలోపు మీ వీసా ఏమవుతుందో నేను చెప్పలేను," అంది.

"ఇంకో దారి లేదాండి?"

"ఉంటే దాచుకుంటానా?"

సూర్యావతి లేచి, తాగిన కప్పు తానే కడిగి బోర్లించింది. పరాయి ఇంట్లో కూడా చెయ్యి ఊరుకోదు. చున్నీతో మొహం తుడుచుకుంది గానీ ఏడవలేదు. ఏడుపు ఆడదానికి తీరుబడి ఉన్నప్పుడు వచ్చేది.

అక్కంటే భయం లేదు. భయమల్లా బావ ముత్యం అంటే. ముత్యానికి పేరులో తప్ప ఒంట్లో మెరుపు లేదు. అక్క గేదెను అమ్మాడు, పుస్తెల తాడు అమ్మాడు, ఒక వానాకాలంలో నెత్తిమీది రేకులు నాలుగు విప్పి అమ్మేసి, ఎలుకలు కొరికాయని చెప్పాడు. అతని చేతికి వెళ్ళిన వస్తువు తిరిగి రావడం ఆ గట్టు మీద ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రమే అక్కకి ఫోను చేసింది.

"ఏంటే సూరీ, ఏలకాని ఏల సేసేవు?"

ఈ భూప్రపంచం మీద ఆమెను సూరీ అని పిలిచే నోరు అదొక్కటే. సంగతంతా చెప్పింది. చెప్పి, "ఇల్లు నీ పేరున పెడతాను. రేపు నేనొచ్చాక నాకు రాసిచ్చేత్తానని వాడపల్లి ఎంకన్న మీద ఒట్టెయ్యి," అంది.

అవతల కాలవలో ఎవరో బట్టలుతుకుతున్న దెబ్బలు వినబడుతున్నాయి.

"ఒట్టు నేనెయ్యాలా," అంది సుబ్బాయమ్మ నిదానంగా. "ఓ మాట సెప్తా ఇను. నువ్వెళ్ళిన నాలుగేళ్ళకి నేనూ మస్కట్ ఎల్దారని పాస్‌పోర్టుకి పెట్టేను. నీకుంది కదమ్మా అన్నారు. పోయిందేమో అనుకుని మళ్ళీ ఎల్లేను. బహ్రెయిన్‌లో పని సేసుకుంటా ఇక్కడికెందుకొచ్చేవన్నారు. మూడోసారి పోలీసుల్ని పిలుత్తానన్నారు. నేను గట్టు మీదే ఉన్నానే, నా పేరు ఇమానం ఎక్కి తిరుగుతా ఉంది."

"ఇన్నేళ్ళూ సెప్పలేదేంటక్కా?"

"సెప్తే ఇమానం దిగుదువా?"

సూర్యావతి వంటగది గచ్చు మీద కూలబడింది. గూట్లోంచి తీసిన మేడమ్ గారి పింగాణీ, సగం కాగితాల్లో చుట్టి సగం విడిగా, చుట్టూ ఉంది. అక్క కోసం ఏటా చీర పంపింది, జండూబాం పంపింది, ఖర్జూరం పంపింది. అక్క ఇచ్చిన దానికి అవి సరి అనుకుంది.

"ఒట్టు ఎయ్యనే," అంది అక్క. "అబద్ధం ఒట్టు నాకెందుకు? నా పేరున పెడితే అది నా ఇల్లే. నువ్వొత్తే పొమ్మన్ను. మీ బావని నేను సూసుకుంటాను. సూసుకోలేకపోతే ఇద్దరం రోడ్డు మీదుంటాం. ఇట్టవైతే పెట్టు, లేకపోతే బత్తాలోడికి ఒదిలెయ్యి."

ఇష్టానికి అక్కడ చోటెక్కడుంది? సూర్యావతి మూడు రోజులు ఇల్లు ఊడుస్తూ ఆలోచించింది, సామాన్ సర్దుతూ ఆలోచించింది. ఎటు తిప్పినా ఆ అరుగు మీద బస్తాలైనా ఉండాలి, అక్కైనా ఉండాలి. నాలుగోనాడు రామ్‌ప్రసాద్‌కి ఫోను చేసి, కాగితాలు సుబ్బాయమ్మ పేరున రాయించమంది.

"నీ పేరే కదమ్మా?" అన్నాడతను. బహ్రెయిన్ నుంచి ఇన్నాళ్ళూ ఆ పేరుమీదే బయానా డబ్బు వచ్చింది మరి.

"ఆ. ఆ పేరే," అంది. వేలిముద్ర వెయ్యడానికి వచ్చే మనిషి ఎవరని అతను అడగలేదు.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున, రిజిస్ట్రారు ఆఫీసు వరండాలోంచి ముత్యం వీడియో కాలు చేశాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎన్నడూ లేనిది నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఆ గడ్డం చూసేసరికి సూర్యావతికి అమ్ముడుపోయిన గేదె గుర్తొచ్చింది. అక్క తను పంపిన ఆకుపచ్చ చీర కట్టుకుని, బెంచీ చివర, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూచుంది.

లోపల్నించి గుమాస్తా కేకేశాడు. "సుబ్బాయమ్మ ఎవరమ్మా?"

"నేనేనండి," అంది సూర్యావతి జుఫైర్ వంటగదిలోంచి.

వరండాలో ఇద్దరు ముగ్గురు ఫోను వైపు తిరిగి చూశారు. సుబ్బాయమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "నువ్వు పలుకుతావేంటే? నోరు ముయ్యి," అని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత చాలాసేపు ముత్యం చొక్కా జేబు తప్ప ఇంకేమీ కనబడలేదు. జేబులో కొత్త పెన్ను ఉంది. అతనికి సంతకం రాదు.

అరగంటకి అక్క మొహం మళ్ళీ కనబడింది. బొటనవేలి సిరా తలకు రాసుకుంటోంది.

"అయిపోయిందే," అంది.

హెన్నీ మేడమ్ హాల్లోంచి "సుబ్బా, సుబ్బా" అని పిలుస్తోంది. సోఫా పట్టుకెళ్ళే మనుషులు వచ్చారు. సూర్యావతి పలకలేదు. ఫోను దగ్గరగా పెట్టుకుని, ఎన్నడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, మెల్లగా అడిగింది.

"అక్కా, వీధివైపు గది నాకుంచుతావా?"

సుబ్బాయమ్మ పక్కకి తిరిగి ఎవరి మొహమో చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది.

"మీ బావ ఏవంటాడో సూద్దాంలే," అంది.