అడుగు ఊడిన గంపలో బంతి

మా చిన్నప్పుడు... కడియంలో మా నర్సరీ నుంచి మొక్కల లారీ కదిలిందంటే మాకు ఆటస్థలం దొరికినట్టే. అంతవరకూ మొక్కలు నిలబెట్టిన జాగా ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. మళ్లీ కొత్త మొక్కలు దిగేలోపు అది మాదే!

కొబ్బరిచెట్టుకు అడుగు ఊడిన వెదురు గంప ఒకటి కట్టి ఉండేది. అదే మా బాస్కెట్. నేను, పనివాళ్ల పిల్లలు... లారీకి మొక్కలెత్తి అలసిపోయిన సత్యవతి అత్త కూడా "ఇటియ్యవే, ఒక్కటేసి పోతాను" అంటూ కొంగు బొడ్లో దోపుకుని దిగిపోయేది. బంతి గంపలో పడితే ఎవరి జట్టు వేసిందని ఎవరూ అడిగేవారు కాదు. అందరం కలిసి అరిచేవాళ్లం.

ఒక్కటే చిక్కు... రోజూ నీళ్లు పెట్టే నేల కదా, బంతిని కొడితే "థప్"మని అక్కడే చతికిలబడేది. పైకి లేస్తేగా! అందుకని బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడమే మాకు తెలుసు. బాస్కెట్‌బాల్ అంటే అదే అనుకునేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో, పొడుగ్గా ఉన్నానని డ్రిల్లు మాస్టారు నన్ను స్కూలు టీములోకి తీసుకున్నారు. మొదటిరోజే సిమెంటు కోర్టు మీద బంతిని చంకలో పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే పరుగు... ఈల మీద ఈల! బంతి వేసేసి వెనక్కి తిరిగితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. బంతిని నేలకు కొడుతూనే పరిగెత్తాలట!

పట్టుదలగా నేర్చుకున్నాను. బంతిని నేలకు కొడుతూ పరిగెత్తడం తొందరగానే వచ్చేసింది. అయినా మాస్టారికి చాలలేదు. "ఏమ్మాయ్, ఆ బురదలో ఆట మానెయ్. అలవాట్లు పాడైపోతాయి. టీములో ఉండాలంటే అక్కడ ఆడకూడదు" అన్నారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. "జిల్లాకి ఆడే ఛాన్సు వదులుకుంటావేంటే?" అంది అమ్మ. నాన్న గులాబీకి అంటు కడుతూ తలెత్తకుండానే, "ఆడేది అదే కదా... దాన్నే చెప్పనియ్యి" అన్నారు.

మర్నాడు వెళ్లి చెప్పేశాను. "నేను మా నర్సరీలోనే ఆడుకుంటానండి." "నీ ఖర్మ" అన్నారాయన. ఆయన అననీ... ఆ నిర్ణయానికి నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాం. మా మేఘనకు పదేళ్లు. బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. మొన్న దాని కోచ్ గారు పిలిచి, "మేడమ్, పాపని కాంపిటీషన్ బ్యాచ్‌లో వేసేద్దామండి. సరదా బ్యాచ్‌లో ఉంటే టాలెంట్ వేస్టండి. కాకపోతే అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆటలు మాన్పించెయ్యాలి. అలవాట్లు పాడైపోతాయి" అన్నారు.

అదే మాట! ఇన్నేళ్లకి మళ్లీ అదే మాట! నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కర్లేదండి. మా పిల్ల సరదాకే ఆడుతుంది" అనేశాను.

మేఘన నా చున్నీ లాగింది. "అమ్మా, నన్నడగవేంటి? నాకు మ్యాచ్‌లు ఆడాలనుంది."

మా నాన్న గుర్తొచ్చారు. "మరి కింద నీ ఫ్రెండ్సో?" అని మెల్లగా అడిగాను.

అది కోచ్ గారి వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "మ్యాచ్‌లూ ఆడతాను సార్. వాళ్లతోనూ ఆడతాను."

"అలా కుదరదమ్మా..."

"కుదురుతుందండి" అన్నాను నేను. "ఆడేది అది. అదే చెప్పింది. మీకు కుదరకపోతే ఇంకోచోట చూసుకుంటాం."

ఆయన బంతిని మేఘన చేతికిచ్చి, "సరే, చూద్దాం లెండి" అన్నారు. చుట్టాలు మాత్రం, పిల్ల మాట పట్టుకుని తల్లి ఆడుతోందంటున్నారు. అవును, పట్టుకునే ఆడుతున్నాను. ఏం?

మా నర్సరీలో ఆ కొబ్బరిచెట్టు ఇప్పుడు లేదు. మొక్కలకి ఎండ తగలకుండా జాగా అంతా నీడ వలలు కట్టేశారు. లారీ వెళ్లినా ఖాళీ అనేది కనబడదు...

నిన్న సాయంత్రం చూద్దును కదా, కింద పార్కింగ్‌లో మేఘన బంతిని చంకలో పెట్టుకుని పరుగో పరుగు! వెనక పిల్లలంతా కేకలు.

"మీ కోచ్ గారు చూస్తే ఏమంటారే?" అన్నాను.

"ఇక్కడ ఈల లేదుగా అమ్మా!" అంది.

మీరు ఆడిన ఈల లేని ఆట ఏదండీ? చెప్పండి... అది మీ పిల్లలకు మిగిలిందో లేదో కూడా చెప్పండి.