గిడ్డంగిలో కురిసిన వాన

దగ్గరికి జరగండి, ఈ చాప మీద ఇంకా చోటుంది. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. మా మనవరాలు గిడ్డంగిలో వాన కురిపించిన సంగతి చెబుతాను.

ఆ పిల్ల అనంతపురంలో బొమ్మల చదువు చదువుతోంది. కాగితం మీద గీసే బొమ్మలే కాదు, కదిలే బొమ్మలు కూడా. మా చేని మీద తొలివాన పడుతుంటే గొడుగు కింద నిలబడి వీడియో తీసింది. కాలేజీలో ఒక గది నేలంతా ఎర్రమట్టి పరిచి, పైనుంచి ఆ వాన బొమ్మ మట్టి మీద పడేలా పెట్టిందట. మనుషులు ఆ వానలో నడవాలి, చినుకులు వాళ్ల నెత్తిన, భుజాన పడాలి, అదీ దాని ఆశ. వచ్చినవాళ్లు నడిచారు, ఫోటోలు దిగారు, "సూపర్" అని వెళ్లిపోయారు. ఇంకో మాట ఎవరూ అనలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు ముఖం వేలాడేసుకుంది.

"ఈ వాన మనోళ్లకే సూపిస్తా అవ్వా. వాళ్లకు గూడా ఏమీ అనిపీకపోతే, ఇది నాకు చేతగాదని ఇడిసిపెడతా," అంది.

పామిడి దారిలో ఒక శెట్టి గిడ్డంగి ఖాళీగా ఉంటే వెళ్లి అడిగాను, సరేనన్నాడు. మట్టి మా చేనిదే తోలించాం. వచ్చినవాళ్లకు పెట్టడానికి నేను శెనక్కాయ గింజలు వేయించి, చేటలో పోసి గుమ్మం దగ్గర పెట్టాను.

ఆదివారం సాయంత్రం ఊరంతా వచ్చింది. తలుపులు మూసి మనవరాలు వాన వదిలింది. ఎర్రమట్టి మీద చినుకులే చినుకులు. కానీ ఒక్కరూ మట్టిలో కాలు పెట్టలేదు. గోడ వెంబడి ఒకరి పక్కన ఒకరు ఒదిగి నిలబడ్డారు. చిన్నపిల్లాడు దిగబోతే తల్లి రెక్క పట్టి వెనక్కి లాగింది.

"సూసినావా అవ్వా? ఎవురూ లోపలికి రాలే. నచ్చలే," అంది మనవరాలు నా చెవిలో.

పక్కనున్న మా ఆడబిడ్డను మోచేత్తో పొడిచాను. "దిగు వొదినా, పిల్ల పిలుస్తాండాది గదా!"

"నీకేమన్నా మతి పోయిందా? ఇప్పుడే పడిన వాన! పదునులో తొక్కితే నేల గట్టిపడదా? ఇత్తనం యాడ మొలుస్తాది?"

పదునంటే విత్తడానికి సరిపడే తడి. దాని కోసం మేం కళ్లు కాయలు కాచేలా చూస్తాం, వచ్చినప్పుడు ఊరికే తొక్కం. బొమ్మ వానని తెలిసి కూడా అంతమందీ చేని గట్టున నిలబడ్డట్టు నిలబడ్డారు. నా కాళ్లు చూసుకుంటే, నేనూ గోడకు ఆనుకునే ఉన్నాను!

మనవరాలు నోరు తెరిచి చూసింది. "మరి ఎప్పుడు దిగుతారవ్వా?"

"చేతిలో ఇత్తనముంటే దిగుతాం!"

అంటూనే మా ఆడబిడ్డ చేటలోంచి గుప్పెడు గింజలు తీసుకుని, చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి దిగింది. నడుము వంచి, చాలు వెంబడి ఒక్కో గింజా వేసుకుంటూ పోయింది. నెరిసిన జుట్టు మీద, వంగిన వీపు మీద వాన కురిసింది.

"అక్కా, అవి ఏంచిన గింజలు! మొలకొస్తాయా?" అని మా మరిది అరిచాడు.

"వానేమన్నా నిజమైందారా? దీనికి ఈ ఇత్తనమే సాలు!"

గిడ్డంగి పగిలేలా నవ్వారు. అంతే, అందరూ చేట మీద పడ్డారు. పెద్దవాళ్లు విత్తుతుంటే పిల్లలు వెనకే ఏరుకుని, మట్టి ఊదుకుని తిన్నారు. శెట్టి తెల్లపంచె ఎగగట్టి దిగాడు. "నేను కొనేటోణ్ణే గానీ ఇత్తేటోణ్ణి గాదు. నాకూ సూపీండప్పా!" అన్నాడు.

మనవరాలు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఇడిసిపెడతానంటివే?" అన్నాను.

"ఇంగా పెద్ద గిడ్డంగి కావల్లవ్వా," అంది.

మళ్లీ కాలేజీలో పెట్టినప్పుడు గుమ్మం దగ్గర నా చేటే పెట్టింది. గింజలు మాత్రం ఈసారి వేయించొద్దంది.

మీ చేని మీదా వేళకు వాన పడాలి. మీ చేట ఖాళీ కాకూడదు. మీ గడప తొక్కినవాళ్లంతా ఇలాగే కడుపారా నవ్వి వెళ్లాలి.