బూరుగు కొలతలు

"సైజెంతక్కా?" అని ఫోన్లో అడిగాడు రెడ్డిగూడెం లాజరు.

రహమత్‌బీకి పరుపుల సైజులు తప్ప వేరే సైజులు తెలియవు. "సింగిల్ మంచానికి కాస్త పొడుగు, డబుల్ మంచానికి బాగా తక్కువ" అని చెప్పింది.

"నేనడిగేది గాడిద సంగతక్కా" అన్నాడు లాజరు.

"నేను చెప్పిందీ దాని సంగతే."

తిరువూరులో మా ఇంటి ఎదుటి రేకుల షెడ్డులో రహమత్‌బీ, ఆమె భర్త నాగూర్ చాలా ఏళ్ళుగా పరుపులు కుడుతున్నారు. దూది ఏకడం మిషను పనైపోయింది కానీ కుట్టు మాత్రం ఇప్పటికీ ఆమె చేతిదే. ఆమె గొంతు పెద్దది. చెయ్యి అంతకంటే పెద్దది. మా వీధిలో ఎవరింట్లో పురుడు వచ్చినా, వాళ్ళు అడక్కముందే ఒక బుల్లి పరుపు కుట్టి పంపించేస్తుంది. ఆ పిల్లలు పెద్దయి మీసాలు వచ్చాక కూడా పేర్లతో పిలవదు. "ఏరా, ఆకుపచ్చ పువ్వుల పరుపోడివి కదూ నువ్వు?" అని బజార్లో అందరి ముందూ అడుగుతుంది. వాళ్ళు సిగ్గుపడతారు, ఆమె ఇంకా గట్టిగా అడుగుతుంది. వరండాలో కూర్చుని పుస్తకం చదువుకునే నాకు, పేజీలో ఎక్కడున్నానో మరచిపోయేలా చేసేది చాలాసార్లు ఆ గొంతే.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఆమె గాడిద ఉండేది. తల్లి పోయిన పిల్లను ఎవరో ఊరి చివర వదిలేసి పోతే, నాగూర్ తన లగేజీ ఆటోలో దూది బస్తాల మధ్య కూర్చోబెట్టి తెచ్చాడు. దారిలో ఒక బస్తా చిరిగింది. ఒంటి నిండా బూరుగుదూదితో దిగింది కాబట్టి దాని పేరు బూరుగు. సీసాపాలు తాగి పెరిగింది. దాని వీపు మీద ఆమె ఒక్కనాడూ బస్తా వేయలేదు. "మొయ్యడానికి ఆటో ఉందిగా. ఇది చూసుకోడానికి" అనేది.

ఈమధ్య ఆ స్థలం అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు షెడ్డు తీసేస్తామన్నారు. నాగూర్‌కు బజార్లో ఒక మేడ మీద గది దొరికింది. పరుపులు మెట్లెక్కుతాయి, గాడిద ఎక్కదు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఒక బేరగాడు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఎక్కడికి తీసుకెళ్తావయ్యా అంటే చెప్పడు. కోతకు కొనేవాడని నాగూర్ ఆరా తీసి వచ్చాడు. ఆ బేరగాడు మళ్ళీ వచ్చినప్పుడు రహమత్‌బీ పరుపులు కుట్టే సూది చేతిలో ఉండగానే బయటికి నడిచింది. ఆ సూది జానెడుంటుంది. ఆ తర్వాత అతను మా వీధిలో కనబడలేదు.

అప్పుడే పరుపు కొనడానికి వచ్చారు లాజరు, అతని భార్య రిబ్కా. వాళ్ళు రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోట చూసుకుంటున్నారు. మిట్ట మీది చెట్లకు ఎరువు మోయడానికి వాళ్ళకు జత గాడిదలు ఉండేవట. ఒకదాన్ని పాము కరిచింది. అప్పట్నుంచీ మిగిలిన ముసలిది మేత సరిగా ముట్టడం లేదు. పరుపు చూడ్డానికి వచ్చినవాళ్ళు బూరుగును చూసి ఆగిపోయారు.

"తీసుకెళ్తామక్కా. కానీ మా ముసల్ది ఒప్పుకోవాలి" అన్నాడు లాజరు. "కరిచి, తన్ని రచ్చ చేసిందనుకో, అదే ఆటోలో వెనక్కి తీసుకెళ్ళిపోవాలి. రెండూ కాళ్ళిరగ్గొట్టుకుంటే నేను చూళ్ళేను."

వెనక్కి తెస్తే ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియదు. "ఒప్పుకుంటుందిలే" అంది.

ఇంటికెళ్ళాక లాజరు ఫోన్ చేసి సైజు అడగడానికి కారణం ఉంది. పోయిన గాడిద మెడపట్టీ, వీపు మీద వేసే గంత దాచి ఉంచారట. సరిపోతే అవే వాడదామని లాజరు ఉద్దేశం. రహమత్‌బీ ఒప్పుకోలేదు. "పోయినదాని బట్టలు నా బూరుగుకా? కొత్తవి నేను కుడతా" అని ఫోను పెట్టేసి టేపు తీసింది.

టేపు ఒక కొస నాగూర్ పట్టుకున్నాడు. రెండో కొస బూరుగు నమిలింది. ఎలాగో మెడ కొలత అయింది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి అది ఊపిరి బిగబట్టి ఉబ్బి నిలబడింది.

"ఇందాక ఇంత లేదే" అన్నాడు నాగూర్.

"ఫొటో దిగేటప్పుడు నువ్వు లోపలికి లాక్కుంటావు. అది బయటికి తోసింది."

"ఎప్పుడు వదుల్తుంది?"

"నువ్వు టేపు తీశాక."

ఆమె బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. నమలడంలో పడి బూరుగు పొట్ట సంగతి మరచిపోయింది. ఆమె చటుక్కున కొలత తీసేసుకుంది. సాయంత్రానికి మెరూన్ వెల్వెట్‌తో ఒక మెడపట్టీ, మధ్యమధ్య గుండీలు బిగించి బొద్దుగా ఒక గంత తయారయ్యాయి. పెళ్ళి పరుపులకు కూడా ఆమె అంత ఒత్తుగా కుట్టడం నేను చూడలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే నన్ను పిలిచింది. "మాస్టారూ, ఆ పుస్తకం పక్కన పెట్టి ఈ తాడు పట్టుకోండి. చదువుకున్నోళ్ళ దగ్గర ఇది బుద్ధిగా ఉంటుంది."

ఉండలేదు. నా తువ్వాలు సగం దాని నోట్లోకి పోయింది. ఈలోగా ఆమె దాని తోకలోంచి పల్లేరుకాయలు ఒక్కొక్కటే ఏరి పారేసింది. కుంకుడు రసం పోసి కొబ్బరిపీచుతో రుద్దింది. డెక్కల అంచులు నాగూర్ ఆకురాయితో సాపు చేస్తే, వాటికి నూనె పట్టించింది. తడి ఆరడానికి సాంబ్రాణి పొగ వేసింది. బూడిదరంగు అనుకున్న గాడిద మెల్లగా వెండిరంగులోకి వచ్చింది. కొత్త మెడపట్టీ, గంత తొడిగి, ఆఖర్న చెవుల వెనక అత్తరు రాసింది.

"గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన అన్నారు పెద్దలు" అని గొణిగాడు నాగూర్. "నేను రంజానుకి దాచుకున్న అత్తరది."

"పెద్దలు గాడిదనడిగి చెప్పారా?"

"మాస్టారూ, మీరూ రండి" అంది నాకేసి తిరిగి. "అక్కడ నేను ఏడిస్తే ఈయన నవ్వుతాడు. మీరుంటే నవ్వడు."

నేను ముందు నాగూర్ పక్కన కూర్చున్నాను. ఆమె వెనక గాడిదతో కూర్చుంది. విస్సన్నపేటలో టీకి ఆగితే చుట్టూ జనం మూగారు. ఊరేగింపుకా అని ఒకరడిగారు. "కాదు, స్నేహం కట్టడానికి" అని చెప్పింది ఆమె.

తోటలో లాజరు, రిబ్కా గేటు దగ్గరే ఎదురొచ్చారు. కాస్త దూరంలో మామిడిచెట్టు నీడన ముసలిది నిలబడి ఉంది. దాని పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ముందర వేసిన చొప్ప వేసినట్టే ఉంది. బూరుగును చూడగానే చెవులు నిక్కబొడుచుకుని నాలుగడుగులు ముందుకు వచ్చింది. రహమత్‌బీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముసలిది మూతి చాపి వాసన చూసింది. బుస్సున చీదింది. వెనక్కి తిరిగి ఒక కాలు లేపింది. బూరుగు వచ్చి రహమత్‌బీ వెనక దాక్కుంది, దాక్కోవడానికి ఆమె సరిపోతుందన్నట్టు. లాజరు బుజ్జగించి ఇంకోసారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసారి ముసలిది తన్నింది. తగల్లేదు కానీ ఆ కాలు గాల్లో చేసిన చప్పుడు అందరికీ వినిపించింది.

లాజరు తల గోక్కున్నాడు. ఆటో వైపు చూశాడు.

రిబ్కా వచ్చి బూరుగు మెడ మీద చెయ్యి వేసి, వంగి వాసన చూసింది. "అక్కా, ఏమీ అనుకోవద్దు. దీని దగ్గర గాడిద వాసన రావట్లేదు. పెళ్ళివారి వాసనొస్తోంది."

"అదే అయ్యుంటుంది" అన్నాడు లాజరు. "ఇది కూడా గాడిదేనని మా ముసల్దానికి తెలీట్లా."

రహమత్‌బీ ముఖం చూడటానికి నాకు మనసొప్పలేదు. పొద్దుటి నుంచి ఆమె చేతులు ఎంత పని చేశాయో నాకు తెలుసు. కానీ ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. మెడపట్టీ విప్పింది. గంత తీసి నా చేతుల్లో పెట్టింది.

"రిబ్కమ్మా, ఇక్కడ బూడిద ఉందా ఎక్కడన్నా?"

కొట్టేసిన కొమ్మలు కాల్చినచోట పెద్ద కుప్పే ఉంది. ఆమె అక్కడిదాకా నడిపించి తాడు వదిలేసింది. బూరుగు బూడిదను ఓసారి వాసన చూసింది. ముందుకాళ్ళు మడిచింది. అంతే, కుంకుడు రసం, నూనె, సాంబ్రాణి, అత్తరు అన్నీ ఒక్క దొర్లుకి పోయాయి. నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి పెట్టి అటు దొర్లింది, ఇటు దొర్లింది. దాని గొంతులోంచి వచ్చిన శబ్దం, ఇన్నాళ్ళుగా మేము వినని శబ్దం.

"నా అత్తరు" అన్నాడు నాగూర్.

"ఉండవయ్యా" అంది రహమత్‌బీ. అప్పటికే ఆమెకు నవ్వొస్తోంది.

బూరుగు లేచి దులుపుకునేసరికి మేమంతా బూడిదయ్యాం. ఆ మబ్బులోంచి ముసలిది నెమ్మదిగా వచ్చింది. ఈసారి చాలాసేపు వాసన చూసింది. మెడ, భుజం, మళ్ళీ మెడ. తర్వాత నోరు తెరిచి బూరుగు వీపు పట్టుకుంది. రహమత్‌బీ ఒక అడుగు ముందుకు వేసింది. కానీ అది కరవడం లేదు. మునిపళ్ళతో మెల్లగా గోకుతోంది. బూరుగు కాసేపు బిత్తరపోయి, మెడ తిప్పి ముసలిదాని వీపు గోకడం మొదలుపెట్టింది. రెండూ ఎదురెదురుగా, మెడలు కలిపి, కళ్ళు సగం మూసుకుని నిలబడ్డాయి.

"సీసాపాలు తాగినదానికి ఇదెవరు నేర్పారు?" అన్నాను నేను.

"నేనైతే కాదు మాస్టారూ" అంది ఆమె. "నేను కొబ్బరిపీచుతో రుద్దాను. దానికేం కావాలో ముసల్దానికి తెలుసు."

రిబ్కా చప్పుడు చెయ్యకుండా కట్ట విప్పి చొప్ప వేసింది. గోకడం ఆగాక బూరుగు ఒక పరక లాగింది. దాని నోటి దగ్గర్నుంచే ముసలిది ఇంకో పరక అందుకుంది. "తింటోంది" అని గుసగుసగా లాజరుకు చెప్పింది రిబ్కా.

భోజనాల దగ్గర వెల్వెట్ గంత సంగతి వచ్చింది. "ఇదేం చెయ్యనక్కా? మళ్ళీ వేస్తే మళ్ళీ తంతుందేమో" అంది రిబ్కా.

"పీట మీద వేసుకుని నువ్వు కూర్చో. కొలత నీకు సరిపోతుంది."

"అంటే నేను గాడిదంత ఉన్నానా?"

"ఊపిరి బిగబడితే" అంది రహమత్‌బీ. అన్నం మధ్యలో రిబ్కాకు పొలమారితే లాజరు నెత్తి మీద తట్టాల్సి వచ్చింది.

ఎండ తగ్గాక బయల్దేరాం. ఆటో ఎక్కబోతూ రహమత్‌బీ ఆగి, "బూరుగూ" అని తోటంతా వినిపించేలా పిలిచింది. దూరంగా, ముసలిదాని పక్కన, ఒక చెవి ఇటు తిరిగింది. తల తిరగలేదు. ఆమె ఇంకోసారి పిలవలేదు. మేం ఏమనుకుంటామో అని మా వైపు చూసింది.

"వినబడింది దానికి" అంది. "వచ్చే తీరిక లేదు, అంతే."

నాగూర్ నవ్వలేదు. ఆటో స్టార్ట్ చేశాడు.